పిలిస్తే వచ్చే చేపలు

చైత్ర శుద్ధ పంచమి

పొద్దున్నే సూర్యపలకల మీద పేరుకున్న ఉప్పు గీకేసి, పాటు మొదలై నీరు లాగగానే పడవ మీద మూలపాయలోకి వెళ్ళాను. నీటిగంటను తాడుతో కిందికి దించి మీట నొక్కాను. పేరుకు గంటే గాని అది గణగణ మోగదు. తుమ్మెద రొద లాంటి చప్పుడు నీళ్ళలోకి వదులుతుంది. పడవ అడుగున పెట్టిన అరికాళ్ళకు ఆ వణుకు తెలుస్తుంది.

కాసేపటికి మడచెట్ల వేళ్ళ మధ్య నుంచి పండుగప్పలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ముందు దొరసాని. ఎప్పుడూ అదే ముందు. తర్వాత రాగిరెక్క. మూగమ్మ మాత్రం పడవ చుట్టూ ఒక చుట్టు తిరిగి, నేనేనని నమ్మకం కుదిరాక దగ్గరికి వస్తుంది. వేళ్ళు నీళ్ళలో పెడితే దొరసాని దవడ తెచ్చి ఆనిస్తుంది. నోరు తెరిచి చూసి, మొప్పలు చూసి, గుప్పెడు రొయ్యలు వేసి పంపించేశాను.

పండుగప్ప పుట్టినప్పుడు మగదే. బతికి, పెరిగి, పెద్దదయ్యాకే ఆడదవుతుంది. కాబట్టి ఈ పాయలో పెద్ద చేప ఏది కనిపించినా అది తల్లే. కొండ పట్నాల నుంచి గాలం సరదాకు వచ్చేవాళ్ళకు కావలసింది కూడా పెద్ద చేపే. వలలు మానిపించిన తర్వాత మా గట్టుకు మిగిలిన బతుకు ఈ సరదా ఒక్కటే. పట్టు, బొమ్మ తీయించుకో, వదిలెయ్ అన్నది మడ సంఘం వారి నియమం. వదిలాక ఆ చేప ఏమవుతుందో చూడటం నా పని. అందుకే నన్ను చేపల కాపరిగా పెట్టారు, ఈ చిట్టా రాయమన్నారు.

గంట చేసిపెట్టింది మా అన్నయ్య పోలరాజు. మా ఊరు మునిగిన ఏడాది నేను అన్నయ్య భుజాలెక్కి ఈ గట్టుకు చేరాను. అమ్మా నాన్నా చేరలేదు. అన్నయ్య చేతిలో ఏ వస్తువైనా ప్రాణం పోసుకుంటుంది. జీలుగు బెండు చెక్కి, రంగు వేసి, గాలాలకు బొమ్మ ఎరలు చేస్తాడు. నీళ్ళలో వేస్తే నిజం చేపపిల్లే ఈదుతోందనిపిస్తుంది.

చైత్ర బహుళ తదియ

రాగిరెక్క బక్కచిక్కిపోయింది. పై దవడ పక్కన పొర చిరిగి, వేలు దూరేంత కంత పడింది. ఎవరో గాలాన్ని తిప్పి తీయకుండా లాగేశారు.

రొయ్యలు వేశాను. పండుగప్ప ఎరను కొరకదు. ఒక్కసారిగా నోరు తెరిస్తే నీళ్ళతో పాటు ఎర లోపలికి కొట్టుకుపోతుంది, అప్పుడు నీటి పైన టప్పుమని చప్పుడవుతుంది. రాగిరెక్క నోరు తెరిచింది, చప్పుడు లేదు. నీళ్ళన్నీ ఆ కంతలోంచి లోపలికి దూరాయి, రొయ్య ఎక్కడిదక్కడే ఉంది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ అంతే. చివరకు రొయ్యలు కిందికి దిగి బురదలో పడ్డాయి, అది వాటి మీదే తిరుగుతూ ఉండిపోయింది.

సంఘం పెద్ద సంగాని నూకరాజు గారికి వెళ్ళి చెప్పాను. ఆయన నా మాట పూర్తిగా విన్నారు. చేపకు నొప్పి ఉండదని, నెత్తురు కూడా ఎక్కువ రాదని, గాయం దానంతట అదే పూడుతుందని అన్నారు. పూడేలోపు అది తినేదెట్లాగని అడిగితే, వచ్చినవాళ్ళ ముందు ఈ మాట అనవద్దని మర్యాదగానే చెప్పారు.

అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. గాలం కొన వెనక తిరిగి ఉండే ముల్లును ఆకురాయితో అరగదీస్తే, చిరగకుండా సులువుగా ఊడి వస్తుందని అడిగాను. మారుమాట అనలేదు. నా ఎదురుగానే కొన్ని గాలాలు అరగదీసి, వేలికొసతో తాకి చూడమన్నాడు. నున్నగా ఉన్నాయి. ఇకనుంచి అన్నీ ఇలాగే చేస్తానన్నాడు.

వైశాఖ శుద్ధ నవమి

నీళ్ళు లాగని రోజులు. పాయ కదలకుండా అద్దంలా ఉంది. వచ్చినవాళ్ళు పొద్దుటి నుంచీ గాలాలు విసిరారు. నేను మడచెట్ల నీడన కూర్చుని నీళ్ళలోకి చూశాను. అన్నయ్య చెక్కిన ఎర ముద్దుగా వంకరలు తిరుగుతూ పోతోంది. దొరసాని దాని వెనక కొంచెం దూరం వెళ్ళింది, ఆగింది, పక్కకు తిరిగిపోయింది. వెనకనున్న చిన్నవి దాన్నే చూసి అవీ తిరిగిపోయాయి. ఒకసారి నోరు చిరిగిన చేప మరిచిపోదు, పక్కనున్నవాటికీ నేర్పుతుంది. నాకు లోపల సంతోషంగానే ఉంది.

గట్టు మీద మాత్రం ఎవరికీ లేదు. చేప పడకపోతే కొండవాళ్ళు రారు. వాళ్ళు రాకపోతే తాగునీటి పడవ, కరెంటు తీగ దండగని పై అధికారులు అనుకుంటారు. అప్పుడిక గట్టు ఖాళీ చేయించి అందరినీ కొండ మీది గుడారాలకు తరలిస్తారు. పొరుగు గట్లకు ఇప్పటికే అదే జరిగింది. పక్కింటి మంగతాయి, వచ్చినవాళ్ళకు వండిపెట్టే మనిషి, పొయ్యి వెలిగించకుండా అరుగు మీద కూర్చుని ఉంది.

సాయంత్రం అన్నయ్య వచ్చి భోజనం చేశాడు. చేపలు గంటకు ఎందుకు అంత నమ్మకంగా వస్తాయని అడిగాడు. ఆ చప్పుడు వినపడ్డప్పుడల్లా తిండి దొరికింది, వేసవిలో చల్లటి నీళ్ళకు దారి దొరికింది, ఒక్కసారి కూడా చెడు జరగలేదు, అందుకే అన్నాను. గంట తొడుగు తుప్పు పట్టిందని, బాగు చేసి ఇస్తానని పట్టుకెళ్ళాడు. అడగకుండానే చూసుకునే మనిషి ఒకడున్నాడనుకున్నాను.

వైశాఖ బహుళ విదియ

గంట తిరిగొచ్చింది. తళతళలాడుతోంది.

గట్టు మీద పండగలా ఉంది. వరసగా పెద్ద పెద్ద చేపలు పడుతున్నాయి. కొండవాళ్ళు వాటిని చంటిపిల్లల్లా ఎత్తుకుని బొమ్మలు తీయించుకుంటున్నారు. మంగతాయి పొయ్యి ఆరడం లేదు. నేను ఎదురుపడి, పెద్దవి ఇంత తొందరగా మళ్ళీ ఎలా మోసపోతున్నాయో అర్థం కావడం లేదంటే, గరిటె చేతిలో పట్టుకుని పొయ్యి వైపు తిరిగిపోయింది.

అన్నయ్య రెండు పూటలా పని ఉందని భోజనానికి రావడం మానేశాడు.

వైశాఖ బహుళ నవమి

గంట దించితే రాగిరెక్క రాలేదు. వచ్చినవాటిలో నోరు బాగున్నది ఒక్కటీ లేదు. మూగమ్మ వచ్చింది గాని, ఎప్పుడూ తిరిగే చుట్టు కాకుండా దూరంగా నిలబడి చూసింది. రొయ్యలు వేస్తే కదల్లేదు. నేను చెయ్యి నీళ్ళలో పెట్టగానే తోక కొట్టి వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళలో అది నా చేతికి బెదరడం ఇదే.

వైశాఖ బహుళ ద్వాదశి

దొరసాని చచ్చి తేలింది.

మడవేళ్ళకు తట్టుకుని ఉంటే పడవలోకి లాగాను. నోటి పక్కనుంచి తెగిన గాలపు తాడు వేలాడుతోంది. మింగేసిన గాలాన్ని తీయలేక తాడు కోసి వదిలేశారన్నమాట. ఒడ్డుకు తెచ్చి పొట్ట కోశాను. గాలం కడుపు గోడకు గుచ్చుకుని, ఆ చుట్టూ మాంసం నల్లబడిపోయింది. పొట్టలో తిండి లేదు. గుడ్ల తిత్తి మాత్రం నిండుగా ఉంది. ఈ వానలకు, పాయ సముద్రంలో కలిసే మొగకు వెళ్ళి గుడ్లు పెట్టాల్సిన చేప అది.

ఎరను బయటికి లాగాను. జీలుగు బెండు, వెండి రంగు, మొప్ప దగ్గర ఉలితో పెట్టిన మూడు గీతలు. అన్నయ్య చెక్కినది. కడుగుదామని నీళ్ళలో ముంచాను. నీళ్ళు తగలగానే నా అరచేతిలో అది రొద పెట్టడం మొదలుపెట్టింది.

ఆ వణుకు ఏమిటో నాకు తెలుసు. నా గంట చప్పుడే. కొంచెం చిన్నది, అంతే.

అప్పటికీ మనసు ఒప్పుకోలేదు. ఎవరో దొంగిలించి ఉంటారని, అన్నయ్యకు తెలిసి ఉండదని నాకు నేను చెప్పుకుంటూ గాలం కొనకు వేలు ఆనించాను. వెనక ముల్లు అలాగే ఉంది. వేలు చీరుకుపోయింది.

వైశాఖ బహుళ త్రయోదశి

నిన్న అంతకు మించి రాయలేకపోయాను.

ఎర తీసుకెళ్ళి అన్నయ్య ఉలి పెట్టె మీద పెట్టాను. అన్నయ్య దాన్ని చూశాడు, నా వేలికున్న గుడ్డ చూశాడు. ఇది ఎక్కడిదని అడగలేదు. అదొక్కటి అడిగి ఉంటే బాగుండేది.

"సంఘం కూసుని అనుకున్నారు, సెల్లీ," అన్నాడు. "నేనొక్కణ్ణే సేసింది కాదు."

"ఎప్పుడు కూసున్నారు?"

"నువ్వు పాయలో ఉన్నప్పుడు."

కావాలనే నేను లేనప్పుడు కూర్చున్నారు. ఎవరెవరు ఉన్నారంటే గట్టంతా ఉందన్నాడు. మంగతాయి కూడానా అంటే తల ఊపాడు. నాకు చెబితే ఒప్పుకోనని అందరికీ తెలుసట. అన్నయ్య చెబితే వింటానని ఒకరిద్దరు అన్నారట. తనే వద్దన్నాడట.

"అడిగితే నువ్వు కాదంటావు. కాదన్నాక సేత్తే అది ద్రోహం. అడక్కుండా సేత్తే..." అని ఆగిపోయాడు.

"సేత్తే?"

గట్టు ఖాళీ అయితే ఎక్కడికి పోతామని, గుడారాల్లో నీళ్ళ వాసన కూడా తగలదని, ఒకసారి అన్నీ పోగొట్టుకున్నవాళ్ళమని చెప్పుకొచ్చాడు. అందులో అబద్ధం లేదు. అది విని నేను ఇంకా కుంగిపోయాను. నన్ను భుజాల మీద మోసిన రోజు గురించి కూడా ఎత్తబోయాడు. ఎత్తవద్దన్నాను.

"ముల్లు అరగదీత్తానన్నావు కదన్నియ్యా," అన్నాను. "నా ముందు అరగదీసి సూపించేవు."

"జారిపోతన్నాయని వొచ్చినోళ్ళు గోల. నీకు సూపించినయ్యి ఆ నాలుగే."

ఇంత పెద్ద మోసం ముందు అది చిన్న మాటే. కానీ నేను అక్కడ కూలబడి ఏడ్చింది ఆ మాటకే. నాకోసం నాలుగు గాలాలు నున్నగా చేసి, నా వేలికొసకు అందించి, నేను మురిసిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు.

జ్యేష్ఠ శుద్ధ చవితి

నూకరాజు గారు కబురు చేసి, చేపలు మళ్ళీ పడటం లేదని, కారణం చూసి చిట్టాలో రాయమన్నారు. రాస్తున్నాను. గంట చప్పుడుకు వస్తే గాలం గుచ్చుకుంటుందని వాటికి తెలిసిపోయింది. ఇక ఆ చప్పుడు పెట్టి ఏ ఎర వేసినా రావు. నేను పిలిచినా రావు.

జ్యేష్ఠ శుద్ధ దశమి

ఇవాళ జరిగింది మొత్తం రాయాలి.

పొద్దెక్కేసరికి మొగ వైపు నుంచి ఎర్రనీళ్ళు కనిపించాయి. ఈ నీళ్ళు వస్తే చేపకు ఊపిరాడదు. పాయ ఎగువన మంచినీటి ఊటున్న మడుగులోకి పోగలిగినవే బతుకుతాయి. నేను గంట మోగిస్తూ ముందు వెళ్తే అవి నా వెనకే వచ్చేవి, అందరం లోపలికి పోయాక తూము దించేసేదాన్ని. పోయిన వేసవుల్లో అలాగే గట్టెక్కాం.

ఇప్పుడు ఆశ లేకపోయినా వేరే దారి తెలియక తూము ఎత్తి, మడుగు నోట గంట దించాను. మీట నొక్కానో లేదో, పాయలో నీళ్ళు గిరగిరా కదిలాయి. చేపలన్నీ ఒక్క ఉదుటున వెనక్కి తిరిగి దిగువకు పరుగెత్తాయి. ఎర్రనీళ్ళు వస్తున్న వైపుకే. వెంటనే ఆపేశాను. బతికించుకుందామని పిలిస్తే చావు వైపు తోలాను.

పడవలో అలాగే కూర్చుండిపోయాను. దూరంగా ఎరుపు అంచు దగ్గర చిన్న చేపలు అప్పటికే పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. అప్పుడు తట్టింది. ఈ చప్పుడంటే అంత భయమైతే, ఆ భయాన్ని వాటి వెనక పెట్టాలి. దిగువ నుంచి మోగిస్తే అవి ఎగువకే పోవాలి. కానీ పాయ వెడల్పు. ఒక్క గంటయితే పక్కల నుంచి జారుకుంటాయి. ఒడ్డు నుంచి ఒడ్డుకు గోడలా చప్పుడుండాలి.

అంతటి చప్పుడు అన్నయ్య పెట్టెలో ఉంది.

వెళ్ళి గుమ్మంలో నిలబడి, ఎరలన్నీ కావాలన్నాను. గాలాలు తెంపేసి ఇవ్వమన్నాను. ఎందుకని అడగకుండా కటింగ్ ప్లేరు తీసుకుని కూర్చున్నాడు. నేనూ ఒకటి తీసుకున్నాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చుని ఒక్కొక్క గాలమూ తెంపుతూ పోయాం. ఎన్ని చేశాడో అప్పుడు చూశాను. నేల మీద తెగిన గాలాలు కుప్ప పడ్డాయి. మధ్యలో ఏదో అనబోయాడు. ముందు పని కానీమన్నాను.

పెద్దతాడుకు ఎరలన్నీ బారెడు బారెడు ఎడంగా కట్టాం. రెండు కొసలూ పట్టుకోవడానికి మనుషులు కావాలి. అన్నయ్య గట్టు మీదికి వెళ్ళి అరిచాడు. మంగతాయి వచ్చింది. నూకరాజు గారు పంచె ఎగ్గట్టి వచ్చారు. నాకు చెప్పకుండా కూర్చున్న ఆ సంఘమంతా రెండు ఒడ్లా బారుగా నిలబడి తాడు పట్టుకుంది. నేను పడవలో మధ్యన గంటతో ఉన్నాను.

దిగువన, ఎర్రనీళ్ళకు కాస్త ఇవతల, తాడు నీళ్ళలో దిగగానే ఎరలన్నీ ఒక్కసారి రొద అందుకున్నాయి. పడవ చెక్కలు కూడా వణికాయి. ముందు నీళ్ళు చీలుస్తూ చేపలు ఎగువకు కదిలాయి. మేం ఎర్రనీళ్ళకు ముందు ముందుగా నడిచాం. మూగమ్మ ఒకసారి వెనక్కి తిరిగింది. పడవ దగ్గరికి వచ్చి, నన్ను చూసింది. చూసిందనే నా నమ్మకం. నేను మీట ఇంకా గట్టిగా నొక్కాను. అది ఒళ్ళు విదిలించుకుని పారిపోయింది. నోటితో ఏమీ అనలేదు గాని, పో తల్లీ, నన్ను తిట్టుకుంటూ పో అని లోపల అనుకున్నాను.

అన్నీ రాలేదు. నోళ్ళు చిరిగి తిండి లేక నీరసించినవి తోలినా కదలలేక మడవేళ్ళలో ఉండిపోయాయి. రాగిరెక్కను వాటిలో చూశాను. చేత్తో ఎత్తి పడవలో వేసుకుందామంటే, ఆ కాస్త బలమూ కూడదీసుకుని నా చేతిలోంచి జారి ఎర్రనీళ్ళలోకే పోయింది.

తూము దించేసరికి మధ్యాహ్నం దాటింది. ఒడ్డున జనం అలసిపోయి కూలబడ్డారు. నూకరాజు గారు నా తెలివిని మెచ్చుకుని, ఏటా ఇలాగే తోలవచ్చని అన్నారు. మంగతాయి మంచినీళ్ళు తెచ్చింది. తాగాను. ఆమె కళ్ళలోకి చూడలేదు.

ఆషాఢ శుద్ధ షష్ఠి

వానలు పట్టాయి. కొండవాళ్ళు రావడం పూర్తిగా మానేశారు. పండుగప్పలు ఇప్పుడు ఏ ఎరనూ నమ్మవు, రొద పెట్టేదాన్నీ పెట్టనిదాన్నీ కూడా. దేనికోసం ఇంత చేశారో అది నెల కూడా నిలవలేదు. గట్టు ఖాళీ చేయాలని పైనుంచి కబురు వచ్చింది. ఎవరో ఒకరు తూము చూసుకోవాలి కాబట్టి ఒక మనిషిని మాత్రం ఉంచుతారట. నేను ఉంటానన్నాను.

అన్నయ్య మూట కట్టుకుని వచ్చాడు. గుడారం దగ్గర నాకూ చోటు అడిగి ఉంచానన్నాడు. అన్నం పెట్టాను. తలవంచుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కుని గుమ్మంలో నిలబడి అడిగాడు.

"ఎప్పటికైనా నన్ను చమిత్తావా సెల్లీ?"

"కోపం పోద్ది అన్నియ్యా," అన్నాను. "ఇప్పటికే సగం పోయింది. కానీ నువ్విచ్చింది ఏదైనా ఇక తిప్పి సూత్తాను. అది పోదు."

మూట భుజాన వేసుకుని పడవ వైపు నడిచాడు. పడవ మలుపు తిరిగేదాకా చూశాను. ఏడుపు రాలేదు. ఇల్లంతా ఒక్కసారి పెద్దదైపోయినట్టు అనిపించింది.

ఆషాఢ పౌర్ణమి

వరద నీరు ఎర్రనీళ్ళను సముద్రంలోకి నెట్టేసింది. చేపలు మొగకు వెళ్ళి గుడ్లు పెట్టే వేళ. ఇన్నాళ్ళూ మడుగులో నేను ఏ ఒడ్డున కనిపిస్తే అవి ఎదుటి ఒడ్డుకు పోయి ముద్దగా నిలబడుతున్నాయి. రొయ్యలు వేసి నేను కనుమరుగయ్యాకే తింటున్నాయి. నోళ్ళలో కంతలు కొన్నిటికి పూడాయి. దూరం నుంచే చూశాను.

పొద్దున పోటు పూర్తయి నీరు లాగడం మొదలవగానే తూము ఎత్తాను. ఒక్కటీ రాలేదు. తూము పక్కన నేనున్నాను కదా. నా నీడ నీళ్ళ మీద పడుతోంది.

గట్టు దిగి, గోడ వెనక వానలో చతికిలబడి, మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. చాలాసేపు వాన చప్పుడే వినిపించింది. తర్వాత గోడకు అవతల, నీటి పైన, టప్పుమంది. ఏదో చేప నోరు తెరిచి, దేన్నో నిండుగా లోపలికి లాక్కుంది. ఆ వెనకే ఇంకొకటి. ఆ చప్పుళ్ళు మెల్లగా దిగువకు, మొగ వైపు సాగిపోయాయి.

ముందు వెళ్ళింది ఏదో లేచి చూడాలనిపించింది. లేవలేదు.